సంపు వాళ్లదే, ట్యాంకరూ వాళ్లదే

ఎండాకాలంలో కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సంపు అందరిదీ. పొద్దున ఆరింటికి కుళాయి తిప్పితే గాలి తప్ప నీళ్లు రావు. మూడో అంతస్తులో పెళ్లి చుట్టాలు దిగారో, కింద ఎవరైనా కారు కడిగారో తెలీదు. ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం. క్లౌడ్‌లో, అంటే అద్దె సర్వర్లలో, ఉమ్మడి కేష్ బతుకూ ఇదే. ఒక్కటే తేడా, అక్కడ సంపు కట్టినవాడూ ట్యాంకర్ తోలేవాడూ ఒక్కడే.

డేటాబేస్‌ను పదేపదే అడగకుండా జవాబును మెమరీలో దాచుకోవడమే కేష్. 2003లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ కోసం పుట్టిన మెమ్‌కేష్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనిని ఊరంతా వాడే సరుకుగా మార్చింది. చోటు నిండితే, చాలాసేపుగా ఎవరూ ముట్టని దాన్ని తీసేస్తుంది. సొంత సర్వర్లో అయితే ఏది ఎప్పుడు పోతుందో కాస్త అంచనా ఉంటుంది. ఉమ్మడిలో ముక్కూమొహం తెలియని వాడి ట్రాఫిక్ పెరిగినా మన డేటాకే ఎసరు. వెబ్ యాప్‌లు నడిపే గూగుల్ క్లౌడ్ సర్వీసు యాప్ ఇంజిన్‌లో ఉమ్మడిదీ, మనకే కేటాయించిందీ రెండూ కనిపిస్తాయి. ఉమ్మడి మెమ్‌కేష్ ఉచితం, కానీ ఎంత చోటు దొరుకుతుందో హామీ లేదు. మనకే కేటాయించింది కావాలంటే గిగాబైట్‌కు గంటకు 6 సెంట్లు, అంటే నెలకు 43 డాలర్ల చిల్లర.

అమీర్‌పేటలో ఒక స్నేహితుడు పోటీ పరీక్షల టెస్ట్ సిరీస్ సైట్ నడుపుతాడు. అతను వాడిన ప్లాట్‌ఫాం వేరే, పేరు అనవసరం. ఒక ఆదివారం పదింటికి మోడల్ టెస్ట్ పెట్టాడు. అందరికీ ఒకటే ప్రశ్నపత్రం, కేష్‌లో పెట్టడానికి ఇంతకన్నా మంచి సరుకు ఉండదు. పదీ పదిహేనుకి అది మాయం. కోడ్ మారలేదు, కేష్‌లో ఉంచమన్న గడువూ తీరలేదు. ఆ క్షణంలో పేజీ తెరిచిన పిల్లలందరి రిక్వెస్టులూ డేటాబేస్ మీద పడ్డాయి. అది నెమ్మదించింది. లోడ్ పెరిగిందనుకుని ఆటోస్కేలింగ్ తనంతట తానే కొత్త ఇన్‌స్టెన్సులు, అంటే సైట్‌ను నడిపే అదనపు కాపీలు, లేపింది. అవీ వెళ్లి అదే డేటాబేస్ ముందు క్యూ కట్టాయి. వాట్సాప్ గ్రూపులో ‘సార్, లోడ్ అవట్లేదు’ అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. పక్కన కూర్చున్న నాకే టెన్షన్ పట్టుకుంది, అతని సంగతి చెప్పేదేముంది.

అంతమంది చదువుతున్న పేపర్‌ను మామూలుగా కేష్ తీసెయ్యకూడదు. బహుశా ఆ మెషీనే రీస్టార్ట్ అయి ఉంటుంది. బహుశా అనడమే తప్ప, తేల్చుకోవడానికి డ్యాష్‌బోర్డులో ఏమీ లేదు. సపోర్ట్ నుంచి రెండు వాక్యాలొచ్చాయి. కేష్‌కు గ్యారంటీ లేదని ముందే చెప్పాం, డెడికేటెడ్ (మీకే కేటాయించే) ప్లాన్‌కు మారండి. మొదటిది నిజమే. రెండోది చదివాకే కడుపు మండింది.

ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది. వంద రిక్వెస్టుల్లో 95 కేష్ నుంచే వస్తే డేటాబేస్‌కు వెళ్లేవి 5. ఆ 95 కాస్తా 80 అయితే వెళ్లేవి 20. కేష్ కొంచెం సడలిందంతే, డేటాబేస్‌ను చదివే రీడ్‌ల ఖర్చు నాలుగింతలు. బిల్లులో ఇది ‘కేష్’ అన్న పద్దు కింద ఎక్కడా కనబడదు. డేటాబేస్ రీడ్‌లు, ఇన్‌స్టెన్స్ గంటలు అనే పద్దుల్లో కలిసిపోతుంది. ఉచితమన్నది నమ్మకంగా పనిచెయ్యకపోతే నష్టం మనకి, అదనపు రాబడి వాళ్లకి. కావాలని చేస్తున్నారని నేననను. బాగుచెయ్యాలన్న తొందర మాత్రం వాళ్లకు ఎక్కణ్నుంచి వస్తుంది?

మన తప్పూ లేకపోలేదు. కేష్ అంటేనే ఎప్పుడైనా పోవచ్చనుకుని కోడ్ రాసుకోవాలి. పేపర్ పోయినప్పుడు ఒక్క రిక్వెస్ట్ మాత్రం డేటాబేస్‌కు వెళ్లి, మిగతావి ఆగేలా తాళం వెయ్యాల్సింది. వెయ్యలేదు.

అయితే తాళాలతో ధరలు ఆగవు. యాప్ ఇంజిన్ 2011లో ప్రివ్యూ దశ దాటి, ఇన్‌స్టెన్స్ గంటల లెక్కకు మారినప్పుడే చాలామంది లబోదిబోమన్నారు. అలాంటిదే ఇంకో సర్వీసు హెరోకూ 2022 నవంబరులో ఉచిత ప్లాన్లు ఎత్తేసింది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ క్లౌడ్‌లో ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను చేరే నంబరుకు) గంటకు అర సెంటు కట్టాలి. అదే అమెజాన్ 2022లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది, సంతోషం. సర్వర్ మన ఊరికొచ్చినా రేటు డాలర్‌తోనే లేస్తుంది. ఆపైన 18 శాతం జీఎస్టీ. రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ దాన్ని క్రెడిట్‌గా తీసుకుంటుంది. 20 లక్షల లోపు టర్నోవర్ అని రిజిస్టర్ కానివాడు మొత్తం భరిస్తాడు.

ఉచితంగా ఇచ్చినదానికి గ్యారంటీ ఇమ్మనడం లేదు. కేష్ ఎప్పుడు ఖాళీ అయింది, నిండిపోయా, రీస్టార్ట్ వల్లా, దానివల్ల ఎన్ని రీడ్‌లు పెరిగాయి అన్నది బిల్లు పక్కన ఒక వరుసలో చూపిస్తే చాలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా సంపులో నీళ్లు ఎంతున్నాయో అడిగితే చెబుతాడు.

స్నేహితుడు ఇప్పుడు తనకే సొంతంగా ఒక చిన్న వర్చువల్ మెషీన్ తీసుకుని అందులో వాల్కీ అనే కేష్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాడు. 2024లో రెడిస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మారాక దాన్నుంచి విడిగా వచ్చిందే ఇది. ఆదివారం టెస్ట్ ఉంటే తొమ్మిదిన్నరకే లాగిన్ అయి మెమరీ ఎంత నిండిందో చూసుకుంటాడు. మొన్న ఫోన్ చేస్తే ‘పదీ ఇరవై అయింది, ఇన్‌స్టెన్సులు రెండే ఉన్నాయి, ఉండు’ అని పెట్టేశాడు.