నాలుగు గంటల విమానానికి ఒకటిన్నర రోజు

హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,550 కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటలు. వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఓ అరగంట తగ్గొచ్చు. టికెట్ మీద కనిపించే ఈ లెక్క మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుర్రాళ్లకు ఎప్పుడూ సరిపోదు.

ఆమధ్య మా బంధువుల అబ్బాయిని రైలెక్కించడానికి పలాస స్టేషన్‌కి వెళ్లాను. తాడుతో బిగించిన అట్టపెట్టె, దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు. లోపల జీడిపప్పు, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టిన ఆవకాయ. ఊరి నుంచి ఆటో, రాత్రంతా సికింద్రాబాద్ రైలు, శంషాబాద్‌కి బస్సు, అక్కడ మూడు గంటల ముందే లైను. రైలు లేటైతే ఎలా అన్న టెన్షన్‌తో ఒక పూట ముందే బయల్దేరాడు. అంతా కలిపి ఒకటిన్నర రోజు. గాల్లో ఉన్నది మాత్రం నాలుగు గంటలే.

ఇప్పుడందరి నోటా విశాఖ దగ్గరి కొత్త విమానాశ్రయం, భోగాపురమే. 3,800 మీటర్ల రన్‌వే, పెద్ద విమానాలు, నేరుగా గల్ఫ్ సర్వీసులు. విమానయాన శాఖ మంత్రి కూడా మన శ్రీకాకుళం ఎంపీయే. సంతోషం. కానీ నా మటుకు రన్‌వే పొడవు కంటే ఆర్టీసీ బస్సుల సంఖ్యే ముఖ్యం.

శ్రీకాకుళం స్టేషన్‌నే చూడండి. రైలొచ్చి నూరేళ్లు దాటినా అది పట్నంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్'. మన కథంతా ఆ 'రోడ్' అన్న మాటలోనే ఉంది. అర్ధరాత్రి రైలు దిగినవాడు ఆటో అతను ఎంతంటే అంతకు ఒప్పుకోవాల్సిందే. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానంలో గంటా పావు పడితే, ఈ ముక్క దాటడానికి అంతకు మూడింతలు పడుతుంది. విమానాల టైం టేబుల్ ఇచ్చిన రోజే పలాస, పాలకొండ, పార్వతీపురం బస్సుల టైం టేబుల్ కూడా ఇవ్వాలి. తెల్లవారుజాము ఫ్లైటుకి అందే బస్సు అందులో ఉండాలి.

నేవీ స్థావరంలోని విశాఖ విమానాశ్రయానికి ఊరంతా దాటి పోవడం కంటే ఇది నయం కదా అంటారు. నయమే. కారున్నవాళ్లకు మరీ నయం.

అసలు మనవాళ్లలో ఎక్కువమంది విమానం ఎక్కేది విహారానికి కాదు, వలసకి. విమానం ఊసే లేని వలసలూ ఉన్నాయి. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మన జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లినవాళ్లు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలేదాకా ఇక్కడ వాళ్ల ఇళ్లలో పొయ్యి సరిగ్గా వెలగలేదు. రాష్ట్రంలో అన్నిటికంటే పొడవైన తీరం శ్రీకాకుళం జిల్లాదే. ఆ తీరంలో పెద్ద పడవలు కట్టుకోవడానికి హార్బర్ లేకే వాళ్లు దేశం ఆ చివరికి పోయారు. రైల్లో, జనరల్ బోగీలో.