ఒక మార్కు ప్రధానమ్మ

ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని ఎవరు? (ఎ) ఇందిరా గాంధీ (బి) గోల్డా మెయిర్ (సి) సిరిమావో బండారనాయకే (డి) మార్గరెట్ థాచర్. జవాబు (సి). ఒక మార్కు. పేజీ తిప్పేయండి.

మన బిట్ బ్యాంకుల పుణ్యమా అని తెలుగునాట ఈ పేరు తెలియని నిరుద్యోగి లేడు. పేరుకి మించి ఈ శ్రీలంక ఆవిడ గురించి ఒక్క ముక్క తెలిసిన ఉద్యోగీ లేడు. అచ్చుతప్పుల ధర్మాన ఆవిడ అక్కడక్కడా 'బండారు నాయకి' కూడా అయింది. చదివితే కోనసీమలో ఎవరింటి ఆడపడుచో అనిపిస్తుంది. ఇక మార్చి 8 వచ్చిందంటే వాట్సాప్‌లో గులాబీ రంగు పోస్టరు, అందులో ఆవిడ ఫొటో, కింద '1960'. ఆ తర్వాత ఆవిడ ఇంకో నలభై ఏళ్లు బతికిందన్న సంగతి పోస్టరు వేసినవాళ్లకి అనవసరం. 'తొలి' అన్న మాట తగిలించాక ఇక మనిషితో పనేముంది?

ఆవిడే వచ్చి గ్రూప్-2 రాస్తోందనుకోండి. చక్రాల కుర్చీలో గేటు దగ్గరికి వచ్చేసరికి మూసే టైమైంది. "అమ్మా, హాల్‌టికెట్టు? ఫొటో సరిగా లేదు, గెజిటెడ్ సంతకం చేయించుకొచ్చారా?" మొత్తానికి వేలిముద్ర వేయించి లోపలికి పంపారు. పేపరు తెరిస్తే తన పేరే బిట్టు. నల్ల బాల్‌పాయింట్ పెన్నుతో (సి) దిద్దింది. తర్వాతి బిట్టు: 'ఈమె మూడోసారి ప్రధాని అయిన సంవత్సరం?' 1994 అని ఆవిడకి తెలుసు. అయినా పెన్ను ఆగింది. 1960 జూలై 21న తాను ఎక్కిన కుర్చీ అంటే ప్రభుత్వానికి మూలవిరాట్టు. 1978లో అధ్యక్షుడు జయవర్ధనే రాయించిన రాజ్యాంగం అధికారమంతా అధ్యక్షుడి చేతికిచ్చింది. మంత్రివర్గానికి అధిపతి కూడా అధ్యక్షుడే. 1994 నవంబరు 12న కూతురు చంద్రిక అధ్యక్షురాలైంది, రెండు రోజులకి తల్లి ప్రధాని అయింది. కుర్చీ పేరు అదే. కూర్చున్నది మాత్రం ఉత్సవ విగ్రహం. దాన్ని మూడోసారి అనాలా, రెండున్నర అనాలా?

ప్రిలిమినరీ కీ వచ్చాక ఆవిడ అభ్యంతరం పెట్టింది. ఆధారం పీడీఎఫ్‌లో జతచేయమన్నారు. 1978 రాజ్యాంగం మొత్తం జతచేసింది. ఫైలు సైజు ఎక్కువైందని వెబ్‌సైటు తీసుకోలేదు. పేజీలు తగ్గించి మళ్లీ పంపింది. నిపుణుల కమిటీ కూర్చుని తేల్చింది: అభ్యర్థిని తన గురించి తానే చెప్పుకోవడం ప్రామాణిక గ్రంథం కిందికి రాదు, అభ్యంతరం తిరస్కరించడమైనది.

సిలబస్‌లో లేని అధ్యాయం ఇంకోటుంది: మాజీ ప్రధాని పౌరహక్కులు పీకేయు విధానం. ముందు ఆవిడ పార్టీ కుదేలవ్వాలి. ఆ పని 1977లో ఓటర్లే చేసిపెట్టారు, 168 సీట్లలో 8 మిగిల్చారు. తర్వాత ప్రత్యేక విచారణ కమిషన్ల చట్టం చేయాలి. పని చెడేది ఇక్కడే. ఆవిడ అప్పీలు కోర్టుకి వెళ్లింది. చట్టం పుట్టకముందు జరిగినవాటిని తవ్వే అధికారం కమిషన్‌కి లేదని కోర్టు అనేసింది. దానికీ మందుంది: కోర్టుకి ఆ అధికారమే లేదని రాజ్యాంగాన్ని సవరించేయడం. కొత్త రాజ్యాంగానికి జరిగిన మొట్టమొదటి సవరణ అదే. ఆ పైన మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం. 1980 అక్టోబరు 16న సీటు పోయింది, ఏడేళ్లపాటు హక్కులు పోయాయి. 1982 అధ్యక్ష ఎన్నికల్లో పోటీకి వీల్లేకపోయింది. 1986లో క్షమాభిక్ష, 1988 అధ్యక్ష ఎన్నికల్లో ప్రేమదాస చేతిలో ఓటమి. అధికార దుర్వినియోగం చేసిందన్న అభియోగాలన్నీ కట్టుకథలేమీ కావు. 1975లో రావాల్సిన ఎన్నికల్ని అంతకుముందరి 1972 రాజ్యాంగం లెక్క చూపించి 1977కి నెట్టింది ఆవిడే.

ఆవిడ హక్కులు పోయాయని బాధపడేవాళ్లున్నారు. పడండి. కానీ 1964 అక్టోబరు 30 కూడా ఒకసారి తీయండి. ఢిల్లీలో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు, ఈవిడ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. సరుకు ఏమిటంటే మనుషులు. మొత్తం 9,75,000 మంది. తెల్లవాడు తేయాకు తోటల కోసం తమిళనాడు నుంచి పట్టుకెళ్లిన కూలీల సంతానం. ఏ దేశ పౌరులూ కారని 1948 చట్టం తేల్చేసింది, మరుసటేడు ఓటూ ఊడింది. ఆ పాపం ఈవిడది కాదు, పంపకం మాత్రం ఈవిడదే. ఇండియాకి 5,25,000, లంకకి 3,00,000. ఏడుగురు ఇండియాకి ఓడెక్కితే నలుగురికి లంకలో పౌరసత్వం. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ఆడే బేరం కూడా ఇంతకన్నా సిగ్గుగా జరుగుతుంది. మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామన్నారు. పదేళ్లకి చూశారు: 1974లో ఇందిర, సిరిమావో చెరి సగం, 75 వేల చొప్పున. ఇద్దరు మహిళా ప్రధానులు! పోస్టరు వేయండి, గులాబీ రంగు సరిపోతుంది! ఆకు కోసి వేళ్లు నల్లబడ్డ ఆ ఆడకూలీల్లో ఒక్కదాన్నైనా, అమ్మా నీకెక్కడ ఉండాలనుంది అని ఈ ఇద్దరిలో ఎవరైనా అడిగారా? పుట్టినూరు లంకలో, కాన్పులు లంకలో, తలైమన్నార్‌లో ఓడెక్కి రామేశ్వరంలో దిగితే కాందిశీకులు. మన పట్టణాల్లోనూ బోర్డు కనిపించే రెప్కో బ్యాంకు, బర్మా నుంచీ లంక నుంచీ అలా వచ్చిపడ్డవాళ్ల కోసం 1969లో పెట్టిందే. బంగారం తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకునేవాళ్లు ఆ పేరెందుకొచ్చిందో అడగరు. బిట్టుగా రాలేదు కదా.

2000 ఆగస్టు 10న ఆ ఉత్సవ విగ్రహం కుర్చీ కూడా దిగింది. రెండు నెలలకి, అక్టోబరు 10న పార్లమెంటు ఎన్నికలు. 84 ఏళ్ల వయసులో వెళ్లి ఓటేసింది. తిరిగి కొలంబో వెళ్తుంటే దారిలో కడవత దగ్గర గుండె ఆగింది. ఓటేసి మరీ పోయిందని పత్రికలు మురిసిపోయాయి. ఆ పొద్దున లంక తోటల్లో లక్షకు పైగా జనం ఏ దేశానికీ చెందకుండా, ఏ పోలింగ్ బూత్‌లోనూ పేరు లేకుండా మామూలుగానే ఆకు కోసుకుంటున్నారు. వాళ్లకి పౌరసత్వమిచ్చే చట్టం 2003లో వచ్చింది.

తర్వాతి బిట్టు: శ్రీలంక జాతీయ క్రీడ? వాలీబాల్. రాసుకోండి.