స్నూకర్ కనిపెట్టింది బ్రిటన్ ప్రధాని కాదు, పుట్టింది ఊటీ క్లబ్‌లో కాదు

ఊటీ క్లబ్ ఫొటోతో పాటు ఈ మాట తెగ షేర్ అవుతోంది: “బ్రిటిష్ సైన్యం తన అధికారుల కోసం కట్టించిన ఈ క్లబ్‌లోనే, తర్వాత ప్రధాని అయిన నెవిల్ చాంబర్లిన్ 1875లో స్నూకర్ కనిపెట్టాడు.” ఒక్క వాక్యంలో మూడు తప్పులు.

మనిషి సంగతి తేలిక. ప్రధాని చాంబర్లిన్ 1869లో పుట్టాడు, అంటే 1875 నాటికి ఆరేళ్ల పిల్లాడు. స్నూకర్ చాంబర్లిన్ వేరు. ఆయన 1856లో పుట్టిన సైనికాధికారి నెవిల్ ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ చాంబర్లిన్. తర్వాత ఐర్లండ్ పోలీసు దళానికి అధిపతిగా చేశాడు.

ఇక ఊరు. 1875లో ఆయన ఉన్నది జబల్‌పూర్‌లో. అక్కడి సైనికాధికారుల మెస్సులో బిలియర్డ్స్ బల్ల మీద అధికారులు పందెం కాసి బ్లాక్ పూల్ అనే ఆట ఆడేవారు. పిరమిడ్స్ ఆటలోని 15 ఎర్ర బంతులకు బ్లాక్ పూల్ నల్ల బంతినీ, మరికొన్ని రంగు బంతులనూ కలపడంతో కొత్త ఆట తయారైంది. నీలం, గోధుమ రంగు బంతులు ఇంకా తర్వాత చేరాయి. కాబట్టి ఇప్పుడు మనం చూసే 22 బంతుల ఆట ఆ రోజే పూర్తిగా పుట్టిందనుకోవడమూ సరికాదు. ఇదంతా నేనే మొదలుపెట్టానని చాంబర్లిన్ స్వయంగా 1938లో ‘ది ఫీల్డ్’ పత్రికకు రాశాడు.

మరి ఊటీకి ఏమీ లేదా? ఉంది, చాలానే ఉంది. మద్రాసు సైన్యాధిపతి జనరల్ రాబర్ట్స్ కొలువులో ఉండగా చాంబర్లిన్ వేసవికి ఊటీ వచ్చేవాడు. 1882లో ఆట నియమాలను రాసి క్లబ్ బిలియర్డ్స్ గదిలో పెట్టింది అప్పుడే. నోటిమాటగా నడిచిన ఆటకు రాతలో నియమాలు దొరికిన చోటు ఊటీ. ఆ గౌరవం చిన్నది కాదు, దానికి పుట్టుక కథ అతికించనక్కర్లేదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది మూడో తప్పు, ఎందుకంటే అది మన చరిత్రను చెరిపేస్తోంది. ఆ భవనం సైన్యం కట్టించింది కాదు. 1830ల మొదట్లో సర్ విలియం రంబోల్డ్ సొంతంగా కట్టించాడు. క్లబ్ వచ్చింది 1840లలో. ఈ రంబోల్డ్ హైదరాబాద్‌లోని పామర్ కంపెనీలో భాగస్తుడు. నిజాం సర్కారుకు విపరీతమైన వడ్డీకి అప్పులిచ్చింది ఆ కంపెనీయే. ఆ బాకీ తీర్చడానికి 1823లో నిజాం ఉత్తర సర్కారుల మీద, అంటే మన కోస్తా జిల్లాల మీద, ఈస్టిండియా కంపెనీ నుంచి తనకు ఏటా రావాల్సిన పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, కోటికి పైగా రూపాయలు తీసుకుని శాశ్వతంగా వదులుకున్నాడు. రంబోల్డ్ 1833లో హైదరాబాద్‌లోనే చనిపోయాడు.