ధ్యాస లేనిది పిల్లవాడికేనా?

సరిహద్దు జిల్లాల బడుల్లో తెలుగు పిల్లల మీద తరచుగా వినిపించే ఫిర్యాదు "వీడికి ధ్యాస లేదు" అన్నది. ఒడిశా వైపు పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా, మహారాష్ట్ర వైపు సిరొంచలోనైనా ఈ మాట ముందు తల్లిదండ్రుల చెవిన, ఆ సాయంత్రమే పిల్లవాడి వీపు మీద పడుతుంది. నా వాదన ఒక్కటే. ఈ పిల్లలకు ధ్యాస కొరవడలేదు. ఉన్న ధ్యాసనంతా పాఠం మొదలుకాకముందే పరాయి భాష తినేస్తోంది.

అదే పిల్లవాణ్ణి పర్లాకిమిడి బజారులో తండ్రి కిరాణా కొట్టు దగ్గర చూడండి. ఒకరికి ఒడియాలో ధర చెబుతూ, ఇంకొకరితో తెలుగులో బేరమాడుతూ, కొండ దిగివచ్చిన సవర ముసలమ్మకు వేళ్ళతో లెక్క చూపిస్తూ, ముగ్గురి చిల్లరా మనసులో తెలుగులోనే లెక్కగట్టి రూపాయి తేడా రాకుండా చేతిలో పెడతాడు. అష్టావధానాలకు చప్పట్లు కొట్టే మనకు ఇదీ అవధానమేనని ఎందుకు తట్టదో! సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి పద్య పరీక్షలన్నిటినీ కలిపి మోస్తూ, మధ్యలో సంబంధంలేని మాటలతో అప్రస్తుత ప్రసంగి ఎంత చెదరగొట్టినా విడిచిన పాదాన్ని మళ్ళీ అందుకోవడంలోనే అవధాని ప్రతిభ ఉంది. ఆ అవధానినే సగం మాత్రమే అర్థమయ్యే భాషలో ప్రశ్నించే పృచ్ఛకుల మధ్య కూర్చోబెడితే, అన్నిటినీ మనసులో నిలుపుకునే ఆ ధారణ ఏమవుతుంది?

తరగతిలో జరుగుతున్నది అదే. ఇన్ని బస్తాల ధాన్యాన్ని ఇంతమందికి పంచాలన్న లెక్కను ఒడియాలో చెప్పినప్పుడు, పిల్లవాడు ముందు ఆ వాక్యాన్ని పట్టుకోవాలి, లోలోపల తెలుగులోకి తిప్పుకోవాలి, ఆ తర్వాతే భాగించాలి. ఈలోగా మాస్టారు తర్వాతి లెక్కకు వెళ్ళిపోతారు. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోని మాటలను వెంటవెంటనే తిరిగి చెప్పమన్నారు. రెండో చెవిలో ప్రసంగం ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి మారినా విన్నవారు పసిగట్టలేకపోయారు. 1959లో నెవిల్ మోరే చేసిన ప్రయోగంలో, పట్టించుకోని చెవిలో తమ పేరే వినిపించినప్పుడు మాత్రం దాదాపు మూడోవంతు మంది గుర్తించారు. మనసు ఒక పనిలో మునిగినప్పుడు చెవినపడినదంతా లోపలికి దిగదు. దిగే అవకాశమున్నది తనదైన మాటకే.

ఫోన్లు పిల్లల ఏకాగ్రతను చెడగొడుతున్నాయన్నదీ, ఒడిశాలో బతకాలంటే ఒడియా రావాలన్నదీ కాదనలేను. ఒడియా వద్దని ఎవరన్నారు? ఒడియా నేర్పడం వేరు, ఒడియా రానివాడికి ఒడియాలోనే లెక్కలు నేర్పడం వేరు.

ఈ తేడాను పర్లాకిమిడి ఎన్నడో చూసింది. అక్కడ పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, సవర పిల్లలకు చదువు అబ్బకపోతే వాళ్ళ బుద్ధిని తప్పుపట్టలేదు. తానే సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు నడిపించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండలు వేసే మనం, ఆయన చేసిన పనుల్లో ఈ ఒక్కదాన్ని సౌకర్యంగా మరిచిపోతాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరాక, ఆనాటి సవర పిల్లవాడి అవస్థ తెలుగు పిల్లవాడికీ వచ్చింది. (సవర పిల్లవాడి అవస్థ తీరిందని కాదు.)

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 1956 నుంచీ చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోట కనీసం అయిదో తరగతి వరకు మాతృభాష లేదా స్థానిక భాష మాధ్యమంగా ఉండాలంది. తెలుగు పంతులు రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా మిగిలిపోతే ఈ రెండూ కాగితం మీది మాటలే. ఒకటి, రెండు తరగతులకైనా తెలుగు వచ్చిన టీచరును వేయడం భువనేశ్వర్, ముంబయిల బాధ్యత. వాచకాలు పంపించడం, ఆ ఖాళీల గురించి పట్టుబట్టి అడగడం అమరావతి, హైదరాబాద్‌ల బాధ్యత.