బాలింత ఏడిస్తే పాలు విషమవుతాయట!

వారం రోజులుగా వాట్సాప్‌లో ఒకటే మెసేజ్. పొద్దున నల్లగొండ గ్రూపులో చూసి వదిలేస్తే సాయంత్రానికి పాలమూరు గ్రూపులో మళ్లీ ప్రత్యక్షం. "బాలింతకు డిప్రెషనా? అంతా పట్నపోళ్ల వేషాలు" అని ఎర్ర అక్షరాల్లో మొదలై, వరసపెట్టి సలహాలిచ్చి, "ఒక పెద్ద డాక్టరు చెప్పిన నిజం, పది మంది తల్లులకు పంపండి" అని ముగుస్తుంది. ఆ పెద్ద డాక్టరుకు పేరు లేదు, ఊరు లేదు. పంపేవాళ్లు మాత్రం పేరూ ఊరూ ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు. అదే బాధ.

"మా నాయనమ్మ తొమ్మిది మందిని కన్నది. పొద్దున కని మాపటికి నాటు వేయ పోయింది. ఆమెకు రాని రోగం వీళ్లకెట్లొచ్చె?"

ఆమెకు రాలేదని ఎవరు చెప్పారు? ఆమెను ఎవరైనా అడిగారా? అప్పట్లో గాలి సోకిందనేవాళ్లు, తాయెత్తు కట్టేవాళ్లు. మరీ ముదిరితే "కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య" అని పేపర్లో రెండు లైన్లు. దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉన్నవాళ్లు 22 శాతమని తేలింది. అంటే ఐదుగురు బాలింతల్లో ఒకరు. గోవాలో మానసిక వైద్యుడు విక్రం పటేల్ బృందం కారణాలు వెతికితే కనబడినవి పేదరికం, ఆకలి, భర్త చేతి దెబ్బలు, కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం. వీటిలో పట్నానికే పరిమితమైనది ఏదో చెప్పండి.

"చెవుల్లో దూది పెట్టకపోతే గాలి మెదడుకెక్కుతుంది." పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, లేకుంటే లేదు. ముందుకు పోదాం.

"తొట్టెల అయ్యేలోపు, అంటే 21 రోజుల్లో, దానంతట అదే పోతుంది."

దానంతట అది పోయేది వేరే ఉంది. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఊరికే ఏడుపు రావడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం సగానికి పైగా బాలింతల్లో ఉండేదే. అది రెండు వారాల్లో తగ్గుతుంది, దానికి మందు అక్కర్లేదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా నెల దాటాక కొత్తగా మొదలైతే, అది డిప్రెషన్ కావచ్చు. మన దగ్గర ఎవరూ వచ్చి "దిగులుగా ఉంది" అనరు. తల బరువు, గుండె దడ, ఒళ్లంతా గుంజుడు, "పానం మంచిగ లేదు" అంటారు. పిల్ల పడుకున్నా తనకు నిద్ర రాదంటారు. రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు బయటపడుతుంది: గత రెండు వారాల్లో చాలా రోజులు మనసు దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఉందా? ఏ పని మీదా మనసు పోవడం లేదా? దేనికి అవునన్నా కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పట్టుకోవడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళి పెట్టాలి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, ఐదు నిమిషాల పని. 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు దగ్గరికి. 10 నుంచి 12 వస్తే రెండు వారాలకు మళ్లీ. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అక్కడ సున్నా కాకుండా ఏదొచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే చూపించాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా పరీక్ష చేయించాలి. రక్తం తక్కువైనా, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇవే లక్షణాలు కనబడతాయి.

"పసిగుడ్డుకు ఏం తెలుస్తది? కడుపు నిండితే చాలు."

1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో కాసేపు ముచ్చట పెడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, ఊకొడుతుంది, చేతులు చాపుతుంది. తల్లి పలకకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఆఖరికి గుక్కపెడుతుంది. రెండు మూడు నిమిషాలకే ఇదీ సంగతి. డిప్రెషన్‌లో ఉన్న తల్లి ముఖం వారాల తరబడి అట్లాగే ఉండొచ్చు. అది ఆమె కావాలని చేసేది కాదు, నవ్వడానికి లోపల ఓపిక ఉండదు. అప్పుడు బిడ్డ పిలిచి పిలిచి ఇక పిలవడం మానేస్తుంది. చూడొచ్చినవాళ్లు "ఎంత బుద్ధిమంతుడో, ఏడుపే లేదు" అని మెచ్చుకుని పోతారు.

రెండు నెలలు నిండేసరికి ముఖం చూసి నవ్వాలి. నాలుగో నెలలో మనం పలికితే ఊ ఊ అని బదులివ్వాలి. తొమ్మిదో నెలకు బబ్బబ్బ, దద్దద్ద అనాలి. ఇవి కనబడకపోతే తల్లిదీ బిడ్డదీ ఇద్దరి పరీక్షా జరగాలి, బిడ్డ చెవులు కూడా చూపించాలి. ఈలోపు ఇంట్లో చేయగలిగింది సులువే. పసిబిడ్డకు చూపు ఆనేది జానెడు దూరంలోనే. నూనె రాసి స్నానం పోసే అమ్మమ్మ అయినా, పనినుంచి వచ్చిన తండ్రి అయినా అంత దగ్గర ముఖం పెట్టి, మాట్లాడి, బిడ్డ బదులు పలికేదాకా ఆగి, మళ్లీ మాట్లాడాలి.

తర్వాతి వాక్యం చూడండి: "అట్లాంటి తల్లుల పిల్లలు మొద్దులవుతారు, జన్మకు బాగుపడరు." పై వాక్యంలో పసిగుడ్డుకు ఏమీ తెలియదు, కింది వాక్యంలో జన్మంతా పాడు! రాసినవాడు తన మెసేజ్ తానే చదివినట్టు లేడు. గోవాలో ఆరు వారాలకు డిప్రెషన్ ఉన్న తల్లుల బిడ్డలు ఆరో నెలకు బరువులో, ఎత్తులో, మానసిక ఎదుగుదల పరీక్షలో వెనకబడినట్టు తేలింది, నిజమే. అది సగటు, తలరాత కాదు. ఎన్నాళ్లు ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, చుట్టూ ఎవరున్నారు అన్నదాన్నిబట్టి మారుతుంది. పాకిస్తాన్ పల్లెల్లో, మన ఆశ కార్యకర్తల్లాంటి ఆడవాళ్లే ఇంటికెళ్లి ఓ పద్ధతి ప్రకారం మాట్లాడితే, బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి డిప్రెషన్‌లో మిగిలినవాళ్లు 23 శాతం. ఆ పద్ధతి అందని తల్లుల్లో 53 శాతం. 2008లో అచ్చయిన లెక్క ఇది. బిడ్డల్లో విరేచనాలు తగ్గాయి, టీకాలు సక్రమంగా పడ్డాయి. ఎత్తు, బరువుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదీ చెప్పాలి.

ఇక అసలు సంగతి. "ఏడ్చే తల్లి పాలు విషం. బిడ్డను వేరుగా పడుకోబెట్టి డబ్బా పాలు పట్టండి."

ఈ ఒక్క వాక్యం రాసినవాడి చేతికి డబ్బా, చెంచా ఇచ్చి వారం రోజులు బాలింత ఇంట్లో కూర్చోబెట్టాలి. ఏడిస్తే పాలు విషమైతే మన ఊళ్లలో ఒక్కరమూ బతికి ఉండేవాళ్లం కాదు. జరిగేది ఇది: బాధలో, భయంలో, నొప్పిలో ఉన్నప్పుడు పాలను బయటికి వదిలే ఆక్సిటోసిన్ అనే హార్మోను కాసేపు సరిగా పనిచేయదు. పాలు ఉంటాయి, చేపు రావడం ఆలస్యమవుతుంది. బిడ్డ ఏడుస్తుంది. "పాలు పడలేదు, పడ్డవి మంచివి కావు" అని ఇంట్లో తీర్పు వస్తుంది. డబ్బా వస్తుంది. బిడ్డ రొమ్ము చీకడం తగ్గిన కొద్దీ పాలు నిజంగానే తగ్గుతాయి. నిండిన రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తుంది. "నా పాలు కూడా పనికిరావు" అని ఆ తల్లి ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. చూశారా, మెసేజ్ చెప్పింది నిజమైపోయింది!

డబ్బా సంగతి. మామూలు డబ్బాల్లో 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా పొడి అని రాసి ఉంటుంది. డబ్బా ధర చూసినవాళ్లు సీసా నిండా నీళ్లకు రెండు చెంచాలు వేస్తారు. బిడ్డ పొట్ట నిండుతుంది, బరువు పెరగదు. రబ్బరు పీకకు ఈగలు, ఆపై విరేచనాలు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి దిక్కు బోరు నీళ్లతో కలిపితే ఫ్లోరైడ్ నేరుగా బిడ్డ కడుపులోకే. కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకినకొద్దీ చిక్కబడుతుంది. తల్లి అవే నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చే ఫ్లోరైడ్ లెక్కలోకి రానంత. నల్లగొండ జిల్లా గ్రూపుల్లో డబ్బా పాల సలహా తిప్పుతున్నవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి కాదు, తూకాన్ని బట్టి తేల్చాలి. రెండు వారాలకు పుట్టిన బరువుకు తిరిగి రావాలి. ఆపై మూడో నెల దాకా రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. రోజుకు ఆరు సార్లు, అంతకు మించి ఒంటికి పోయాలి. తల్లికి లేచి కూర్చునే ఓపిక లేకపోతే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. బిడ్డను తెచ్చి పక్కన వేయడం, తాగాక భుజాన వేసుకుని తేన్పించడం, గుడ్డలు మార్చడం ఇంకొకరి పని. రాత్రి ఒక విడతకు చేత్తో పిండిన పాలు, కాచి చల్లార్చిన స్టీలు గిన్నెలో మూతపెట్టి, రెండు మూడు గంటల్లోపు ఉగ్గుగిన్నెతో పట్టేయాలి. దాంతో తల్లికి నాలుగైదు గంటలు ఏకబిగిన నిద్ర దొరుకుతుంది. అదీ వైద్యంలో భాగమే.

బిడ్డను తల్లి దగ్గర ఒంటరిగా వదలకూడని పరిస్థితి ఒకటుంది. వెయ్యిలో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, వరసగా రాత్రులు కన్ను మూయకపోయినా అలసట ఉండదు. ఈ బిడ్డ నాది కాదంటారు, ఎవరో చంపడానికి వస్తున్నారంటారు, లేని మాటలు వినబడతాయి. అది డిప్రెషన్ కాదు, సైకోసిస్. అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి. అక్కడ కూడా మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లినుంచి వేరుచేయరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. చట్టం కన్నా వాట్సాప్ డాక్టరుకు తొందరెక్కువ.

"మెంటల్ గోలీలు పాలలో దిగి బిడ్డ మెదడు తింటాయి." పాలిచ్చే తల్లికి సాధారణంగా ముందు రాసే డిప్రెషన్ మందు సెర్ట్రలిన్. తల్లి మోతాదును బరువు లెక్కన చూస్తే పాలద్వారా బిడ్డకు చేరేది సాధారణంగా మూడు శాతం లోపే. పది లోపు ఉంటే ఫరవాలేదన్నది వైద్యుల లెక్క. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకు "ఏం లాభం లేదు" అని ఆపితే లాభం ఉండదు మరి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. బిడ్డ మరీ మత్తుగా ఉన్నా, సరిగా తాగకపోయినా చెప్పాలి. గతంలో ఉన్మాదం, అతి ఉత్సాహం వచ్చిన చరిత్ర ఉంటే మందు రాసే ముందే చెప్పి తీరాలి, అప్పుడు వైద్యం వేరు.

ఆ మెసేజ్‌లో ఒక సలహా మాత్రం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను: "బాలింతను మూడు నెలలు తల్లిగారింట్లో ఉంచండి, బిందె ముట్టనియ్యకండి." వండిపెట్టేవాళ్లు, బిడ్డను అందుకునేవాళ్లు, రాత్రి లేచేవాళ్లు ఉండటం కన్నా పెద్ద రక్షణ లేదు. ఏ ప్రభుత్వ పథకమూ దీనికి సాటి రాదు. కాకపోతే పాలమూరు దిక్కు కోస్గి, మద్దూరు, మక్తల్ పల్లెల నుంచి రెండు నెలల పసికందును ఎత్తుకుని పట్నంలో బిల్డింగ్ పనికి పోయేవాళ్లకు ఆ మూడు నెలలు ఎక్కడివి? వాళ్లకు పనికొచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి టెలీ మానస్, అంటే మానసిక బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు 14416, ఎక్కడినుంచైనా ఉచితం, తెలుగులో, రాత్రయినా పగలైనా. రెండోది టీకా. ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డను ఎవరో ఒక ఏఎన్ఎం ముందుకు తేక తప్పదు. సూది వేసే ముందు పైన చెప్పిన ఆ రెండు ప్రశ్నలు తల్లిని అడగడానికి అర నిమిషం పడుతుంది.