సవరణ: బోరు కేబుల్ జాయింటుకు ఒక్క పీవీసీ టేపు చాలదు

సబ్‌మెర్సిబుల్ మోటారు కేబుల్ జాయింటుకు పీవీసీ ఇన్సులేషన్ టేపు నాలుగు వరసలు బిగించి చుడితే చాలని ముందు పోస్టులో ఉంది. స్విచ్ బోర్డు వెనక పొడి చోట అది సరే. బోరులో పనికిరాదు. ఆ టేపును పట్టి ఉంచేది జిగురే. నీళ్లలో నానేకొద్దీ అది వదిలేసి, పొరల సందుల్లోంచి నీరు రాగి దాకా పోతుంది. మోటారు కాలిందనుకుని పైపులన్నీ పైకి లాగితే, తీరా లోపం జాయింటులో ఉంటుంది!

రాగి మీద ముందు పడాల్సింది సెల్ఫ్ అమాల్గమేటింగ్ రబ్బరు టేపు. దానికి జిగురుండదు, సాగదీసి చుడితే పొరలన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి. లాగకుండా చుడితే అతుక్కోదు, చాలామంది దగ్గర చెడేది ఇక్కడే. వైరు తొడుగును గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచి, రెండు పక్కలా 5 సెం.మీ. తొడుగు మీదికి వచ్చేలా, చుట్టు మీద సగం చుట్టు పడేలా తిప్పాలి. మూడు వైర్ల అతుకులూ ఒకేచోట రాకూడదు.

ఈ రబ్బరు టేపు బోరు లోపలి గొట్టానికి (కేసింగుకు) రాసుకుని చిరుగుతుంది కాబట్టి పైన పీవీసీ టేపు రెండు వరసలు వేయాలి. చివరి చుట్టు లాగొద్దు, లాగితే కొస లేస్తుంది.

దించేముందు జాయింటును రాత్రంతా బకెట్ నీళ్లలో ముంచి, కొసలు బయట ఉంచి, వైరుకూ నీటికీ మధ్య కరెంటు కారుతోందేమో 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) చూడండి.