మూడో సెక్షన్ చివరి వాక్యం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మినహాయింపు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు పుట్టింది 1890లో, అమెరికా దక్షిణాదిన లూసియానా రాష్ట్రంలో. రైళ్లలో తెల్లవాళ్లకొక పెట్టె, నల్లవాళ్లకొక పెట్టె ఉండి తీరాలని ఆ ఏడు అక్కడి శాసనసభ చట్టం చేసింది. తమది కాని పెట్టెలోంచి లేవనని మొండికేస్తే 25 డాలర్ల జరిమానా, లేదంటే 20 రోజుల దాకా జైలు. అంత గట్టి చట్టానికి మూడో సెక్షన్ చివర, గుమ్మం దాటబోతూ ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగి చెప్పినట్టుగా, తమర్ని తగిలించారు. వేరే జాతి పిల్లల్ని చూసుకుంటున్న ఆయాలకు ఈ చట్టంలోని ఏదీ వర్తించదు. అంతే తమరు. ఒక్క వాక్యం.

ఆ రోజుల్లో జాతి గురించి మాట్లాడని నాయకుడు లేడు. రక్తం అన్నారు, స్వచ్ఛత అన్నారు, దేవుడి సంకల్పం అన్నారు. ఆ గోలలో తమరొక్కరే పనికొచ్చే ప్రశ్న అడిగారు: బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేదెవరు? చట్టం మొత్తంలో ఇంటి పని సంగతి తెలిసిన వాక్యం తమరే.

పక్షపాతం కూడా లేదు తమకి. 'వేరే జాతి' అన్నారు గానీ ఏ జాతో చెప్పలేదు. అంటే నల్లబిడ్డను చంకనేసుకున్న తెల్ల ఆయా నల్లవాళ్ల పెట్టె ఎక్కినా తమరు అడ్డుపడరు. ఆవిడ వచ్చే రైలు కాస్త ఆలస్యంగా నడుస్తున్నట్టుంది, ఇంకా స్టేషనుకు చేరలేదు.

తమరు పనిచేసే తీరు కాస్త దగ్గర్నుంచి చూద్దామని ఒక ప్రయాణం ఊహించుకున్నాను. న్యూ ఆర్లీన్స్ స్టేషన్లో ఒక నల్లావిడ. చంకలో తెల్లపాప, భుజాన సంచీ, సంచీలో పాలసీసా, నాలుగు పొడి గుడ్డలు, రెండు తడి గుడ్డలు. తెల్లవాళ్ల పెట్టె మెట్లెక్కుతోంది. కండక్టరు ఆవిడ మొహం చూడడు, చంక చూస్తాడు. పాప ఉంది, కాబట్టి వెళ్లొచ్చు. కోవింగ్టన్‌లో పాపను అమ్మమ్మగారికి అప్పజెప్పి సాయంత్రం ఒక్కతే తిరుగు రైలెక్కింది. అదే మనిషి, అవే బట్టలు, భుజాన అదే సంచీ. ఇప్పుడు ఆ పెట్టెలో కూర్చుంటే నేరం. మధ్యలో మారిందల్లా ఒకటే, ఎనిమిది కిలోల బరువు దిగింది. మడీ మైలా మాకూ తెలుసండీ, పట్టుబట్టకి మైల అంటదన్న సౌకర్యమూ తెలుసు. కానీ పాలు తాగే పిల్లను పట్టుబట్టలా వాడుకోవచ్చని మా పెద్దవాళ్లకి కూడా తోచలేదు.

కొన్ని సందేహాలు తీర్చకుండానే వదిలేశారు. పాప నిద్రపోయి పక్క సీట్లో పడుకుంటే ఆయా ఇంకా ఆయానేనా? తల్లి ముద్దొచ్చి కాసేపు ఎత్తుకుంటే, ఆ కాసేపూ ఆవిడ ఎక్కడికి పోవాలి? బాబుకి పదేళ్లొస్తే? పన్నెండొస్తే? పెద్ద జబ్బు చేసిన తెల్లదొర తన నల్ల నౌకర్ని పక్కన కూర్చోబెట్టుకోవడానికి వీల్లేదు. తెల్లదొరసానితో వెళ్తున్న పనిమనిషి, చేతిలో పిల్లాడు లేకుండా అదే పెట్టెలో ఉంటానని పట్టుబడితే జరిమానాయో జైలో. ఇది నేను కనిపెట్టింది కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి హార్లన్ 1896లో తన అసమ్మతి తీర్పులో రాసిన సంగతే.

ఆ కేసు తమకి గుర్తుండే ఉంటుంది. 1892 జూన్ 7న హోమర్ ప్లెస్సీ అనే ఆయన టికెట్టు కొనుక్కుని తెల్లవాళ్ల పెట్టెలో కూర్చున్నాడు, అరెస్టయ్యాడు. చట్టం చెల్లదని తేల్చుకోవడానికి కావాలనే చేసిన పని అది. చూడ్డానికి ఆయన తెల్లవాడే, ఎనిమిదో వంతు నల్ల రక్తం ఉందని తనే చెప్పుకోవాల్సి వచ్చింది. పాపం, ఒక పిల్లాణ్ణి అద్దెకి తెచ్చుకుని ఉంటే సరిపోయేది. ఆయన తరపు లాయరు ఆల్బియన్ టూర్జే సూటిగా తమ మీదే వేలు పెట్టాడు. ఆయాలకు మినహాయింపు ఇచ్చారంటేనే అసలు బాధ ఒంటి రంగుతో కాదని తేలిపోతోంది, ఆ మనిషి తెల్లవాడికి ఏమవుతాడన్నదే లెక్క, చేతికింద ఉంటే భరిస్తారు, లేకపోతే మాత్రం ఓర్చుకోలేరు అన్నాడు. ఏడుగురు న్యాయమూర్తులు చట్టం వైపు నిలిచారు, హార్లన్ ఒక్కడు ఎదురు తిరిగాడు. తీర్పులో తమర్ని ఎత్తి రాశారు గానీ, టూర్జే ప్రశ్నకి జవాబు రాయలేదు. అక్కణ్ణుంచి ఇంకో యాభై ఎనిమిదేళ్లు ఆ తీర్పు చక్కగా నడిచింది.

టూర్జే చదువుకున్న లాయరు కాబట్టి అలా వాదించాడనుకుందాం. 1912 జనవరిలో న్యూయార్క్ వారపత్రిక ఒకటి దక్షిణాది నల్ల ఆయా కథనాన్ని పేరు లేకుండా అచ్చేసింది. ఆవిడ ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే అదే మాట చెప్పింది. తెల్లపిల్లలు వెంట ఉన్నంతసేపూ ట్రామ్‌లో తెల్లవాళ్ల వైపు కూర్చున్నా, రైల్లో వాళ్ల పెట్టెలో కూర్చున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. పిల్లలు లేకుండా కనిపిస్తే అప్పుడే నల్లవాళ్ల సీట్లలోకి పొమ్మంటారు. తమర్ని ఇంతకంటే బాగా ఎవరూ అర్థం చేసుకోలేదు.

ఆవిడ సంగతి ఇంకొంచెం చెబుతాను, తమరు రైల్లోనే ఉండిపోయి ఇల్లు చూసి ఉండరు. పదేళ్ల వయసు నుంచీ ముప్పై ఏళ్లకు పైగా తెల్లవాళ్లిళ్లలోనే పని. భర్త పోయి పదిహేనేళ్లు కావస్తోంది. రోజుకి పద్నాలుగు నుంచి పదహారు గంటల చాకిరీ, నెలకి పది డాలర్ల జీతం. పదకొండు నెలల పసిబిడ్డకి స్నానం, పాలు, రాత్రి లేచి జోకొట్టడం. ఆ పైన ఇంకో ముగ్గురు పిల్లలు, అందరిలోకీ పెద్దవాడికి తొమ్మిదేళ్లు. ఆవిడకీ ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల దగ్గరికి రెండు వారాలకొక ఆదివారం మధ్యాహ్నం వెళ్లొచ్చు, రాత్రి ఉండకూడదు. మిగతా రోజుల్లో తెల్లపిల్లల్ని షికారు తిప్పుతుంటే వీధిలో తన పిల్లలు ఎదురైతే చూడటమే. వాళ్లే పెరట్లోకి వచ్చి చూడొచ్చు కదా అంటారా? పనివాళ్ల పిల్లలు ఇంటి చుట్టూ తిరిగితే యజమానులకి గిట్టదు.

వేరే జాతి పిల్లల్ని చూసుకునే ఆయా గురించి తమరు ఆలోచించారు. ఆ ఆయా పిల్లల్ని చూసుకునేదెవరన్నది తమ సెక్షన్లోకి రాదు, నిజమే.

ఇక ఇంటి లోపల. ముందు గుమ్మం ఆవిడది కాదు, వెనక తలుపు ఆవిడది. వంట ఆవిడ చేతిదే, కంచం మాత్రం వేరు. మిగిలిన కూరా రొట్టే గిన్నెలో కట్టిస్తే అది దానం కాదు, జీతంలో భాగం, లెక్క సరి. ఆమెని అరవై ఏళ్లొచ్చినా పసిపిల్లాడు పేరుపెట్టే పిలుస్తాడు. వాడికి మీసం మొలిచే వేళకి ఆమె వాడికి 'మిస్టర్' తగిలించాలి. ముడ్డి కడిగిన పిల్లవాడికి మర్యాద ఎప్పట్నుంచి మొదలుపెట్టాలో ఆమే గమనించుకోవాలి, ఎవరూ చీటీ రాసి ఇవ్వరు. పొరపాటైతే మాత్రం చెబుతారు.

మధ్యలో ఒక మాట. తమ దూరపు చుట్టాలు మా హైదరాబాదులోనూ ఉన్నారు. పనివాళ్లు సర్వీసు లిఫ్టే వాడాలని బోర్డు పెట్టిన అపార్ట్‌మెంట్లు చూశాను. పాపని స్కూలు బస్సు దాకా దింపే ఆయా మాత్రం పాపతో పాటు మామూలు లిఫ్టులోనే దిగుతుంది, ఎవరూ ఏమీ అనరు. పైకి వెళ్లేటప్పుడు సర్వీసు లిఫ్టు. తమరు ఇంగ్లీషులో రాసుకున్నది మావాళ్లు రాయకుండానే నడిపిస్తున్నారు, కాగితం ఖర్చు లేదు.

సరే, తమ వైభవానికి వద్దాం. 1923 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్‌కి ఆ ఆయాల మీద ప్రేమ పొంగింది. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సైనికుల వంశపు ఆడవాళ్ల సంఘం ఒకటి, బానిసత్వపు రోజుల 'నమ్మకమైన మామీ'లకి, అంటే తెల్లపిల్లల్ని పెంచిన నల్ల ఆయాలకి, వాషింగ్టన్‌లో విగ్రహం కడతాం, స్థలం ఇవ్వండని అడిగింది. సెనేట్ సరేనంది. అంతకు మూడు నెలల ముందు ఇదే సెనేట్‌లో, నల్లవాళ్లని గుంపుగా చేరి చంపడాన్ని శిక్షించే డయ్యర్ బిల్లుని దక్షిణాది సభ్యులు సభ సాగనివ్వకుండా చంపేశారు. ఆయా కొడుకుని చెట్టుకి వేలాడదీస్తే అడ్డుకోవడానికి సమయం లేదు, ఆయాకి రాతిబొమ్మ చెక్కించడానికి మాత్రం ఉంది. శిల్పులు నమూనాలు కూడా సిద్ధం చేశారు, ఒళ్లో బిడ్డతో సహా. బిడ్డ ఉండాల్సిందే కదండీ, లేకపోతే రాతి ఆయాని కూడా నల్లవాళ్ల పార్కులోకి పంపాలి.

నల్లవాళ్లు ఈ సన్మానం వద్దన్నారు. మేరీ చర్చ్ టెరెల్ అనే నాయకురాలైతే, ఆ విగ్రహం గనక కడితే ఏదో ఒక తుఫాను రాత్రి పిడుగుపడి కూలిపోవాలని వేలమంది మనసారా ప్రార్థిస్తారని రాసింది. ప్రతినిధుల సభ ఆ బిల్లుని పక్కన పెట్టేసింది కాబట్టి పిడుక్కి పని తప్పింది.

అదే 1923లో, పాన్‌కేక్ పిండి డబ్బా మీది 'ఆంట్ జెమైమా'గా 1893 షికాగో ప్రదర్శనలో నిలబడి పిండి కలిపి చూపించిన నాన్సీ గ్రీన్ కారు గుద్ది చనిపోయింది. కెంటకీలో బానిసగా పుట్టి, తెల్లవాళ్ల ఇంట్లో ఆయాగా బతికిన మనిషి. ఆ డబ్బా ప్రతి వంటింట్లోనూ ఉండేది. ఆవిడ సమాధి మీద రాయి పెట్టింది 2020లో.

రాయి దక్కినవాళ్లూ ఉన్నారు. మిసిసిపీలో ఒక మహా రచయిత తనని పెంచిన కాలీ బార్ చనిపోతే, తన ఇంటి ముందుగదిలోనే స్వయంగా నివాళి చదివాడు. సమాధి మీద 'మామీ' అని చెక్కించి, కింద 'ఆమె తెల్లబిడ్డలు ఆమెని దీవిస్తున్నారు' అని రాయించాడు. ఆ రాయి లెక్క ప్రకారం ఆవిడకి వందేళ్లు. నూరేళ్ల ముసలమ్మని పిల్లలు దీవించడం మా ఊళ్లలో ఎక్కడా వినలేదు, మేం కాళ్లకి దణ్ణం పెట్టి వాళ్ల దీవెన అడుగుతాం. ఆయన ప్రేమని నేను శంకించడం లేదు, నిజమైనదే అయ్యుంటుంది. ఆ ప్రేమకి కూడా ఆవిడ కన్నబిడ్డలు కనపడలేదు.

1955 డిసెంబరులో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో తమ పరువుకి పెద్ద పరీక్ష వచ్చింది. బస్సుల్లో ఈ వేరు సీట్లు వద్దని నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు, ఏడాదికి పైగా. ఆ బస్సుల్లో రోజూ వెళ్లేవాళ్లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లు మైళ్లకి మైళ్లు నడిచారు. కొందరు తెల్లదొరసానులు కార్లేసుకుని వెళ్లి పనిమనుషుల్ని తెచ్చుకున్నారు. అలా చేయొద్దని మేయరు గేల్ బతిమాలితే, అయితే ఆయనే వచ్చి అంట్లు తోమి, పిల్లల్ని చూసుకోమనండి అన్నారట ఆ ఇల్లాళ్లు. తమరు చట్టంలో రాస్తేనే గానీ కదలని లోకం, వంటింట్లో గిన్నెలు పేరుకుపోయేసరికి స్టీరింగు పట్టుకుంది. నల్లవాళ్లలో జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కేకులూ పైలూ అమ్మించి ఆ ఉద్యమానికి పెట్రోలు డబ్బులు పోగుచేసింది. డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే 'ఎక్కణ్ణుంచీ కాదు' అనేవాళ్లు, ఆవిడ పెట్టిన సంఘం పేరే అది.

బస్సుల్లో వేరు సీట్లూ రైళ్లలో వేరు పెట్టెలూ పోయాయి, తమ కథ అయిపోయిందని జనం అనుకున్నారు. తమరు ఎప్పుడో 1935లోనే వేషం మార్చేశారని వాళ్లకి తెలీదు. ముసలితనంలో పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది, ఇళ్లలో పనిచేసేవాళ్లకి వర్తించదని రాశారు. పొలం కూలీలకీ వర్తించదు. ప్రతి ఇంటికీ వెళ్లి పన్ను వసూలు చేయడం కష్టమని అధికారులు కారణం చెప్పారు. కారణం ఏదైనా దక్షిణాది ఇళ్లలో ఎవరూ ఏడవలేదు. 1938లో కనీస వేతనం చట్టం వచ్చింది, అందులోనూ వీళ్లు లేరు. 1890లో 'వర్తించదు' అంటే లోపలికి రమ్మని అర్థం, 1935లో 'వర్తించదు' అంటే బయటికి పొమ్మని అర్థం. రెండుసార్లూ సుఖపడింది ఒకే ఇల్లు.

పింఛను 1950లో కొందరికి దక్కింది. కనీస వేతనం కోసం 1974 దాకా ఆగాల్సొచ్చింది. అట్లాంటాలో డొరొతీ బోల్డెన్ అనే పనిమనిషి 1968లో పనివాళ్ల సంఘం పెట్టి, చేరాలంటే ముందు ఓటరుగా నమోదవ్వాలని షరతు పెట్టింది. అలాంటివాళ్లు వెంటపడితే గానీ అదీ రాలేదు. ఆ 1974 సవరణలోనూ తమరు ఒక మూల సర్దుకుని కూర్చున్నారు. ముసలివాళ్లకీ రోగులకీ 'తోడు' ఉండేవాళ్లకి ఇది వర్తించదట. ఎంత ముందుచూపండీ! అప్పుడు ఒళ్లో పెరిగిన పిల్లలే కదా ఇప్పుడు ముసలివాళ్లయింది. మళ్లీ ఎవరో స్నానం చేయించాలి, గుడ్డలు మార్చాలి, రాత్రి లేచి చూడాలి. జమైకా నుంచి వచ్చిన ఎవెలిన్ కోక్ అనే సహాయకురాలు ఇరవై ఏళ్లు అదే పని చేసి, అదనపు గంటలకి జీతం ఇమ్మని సుప్రీంకోర్టుకెక్కితే, 2007లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా తమ పక్షమే మాట్లాడారు. హార్లన్ లాంటివాడు కూడా లేడు ఈసారి.

2015లో కొత్త నిబంధన వచ్చి తమర్ని కొంచెం కత్తిరించింది. 2025 జులైలో ఆ నిబంధనని తీసేసి పాత పద్ధతికే పోదామని అమెరికా కార్మికశాఖ ప్రతిపాదించింది. అందుకే ఈ ఉత్తరాన్ని లూసియానా చిరునామాకి కాకుండా వాషింగ్టన్‌లో ఆ శాఖ ఆఫీసుకి పంపుతున్నాను. తమరు అక్కడే బస చేసి ఉంటారని నమ్మకం.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.